పోతే ఎవరిది పోతుంది?

మనవారి ఇండ్లలో పెండ్లి జరిగినా, తపస్సు చేసినవారి పారణ జరిగినా, భోజనాలైన తరువాత నలుగురు పెద్దలు ఒకచోట కూర్చుంటే మాట స్థలముల మీదికే పోవుచున్నది. “ఆ వైపున గ్రౌండు ఎంత పలుకుతున్నది?” అని ఒకరు. “మీ అబ్బాయి ఫ్లాటు తీసుకొన్నాడట గదా, ఇప్పుడెంత చేస్తుంది?” అని ఒకరు. వర్తకుల కుటుంబములలో ఇది సహజమే. డబ్బు ఊరక పడి ఉండరాదని మనకు ఉగ్గుపాలతోనే నేర్పినారు. కాని ఈ సంభాషణలలో “ఎంత వస్తుంది?” అన్న ప్రశ్న వినబడినంతగా దాని తోబుట్టువైన మరొక ప్రశ్న వినబడదు. “పోతే ఎవరిది పోతుంది?” అన్నది ఆ రెండవ ప్రశ్న. దానిని గురించి నాలుగు మాటలు మనవి చేయుటకే ఈ వ్యాసము. నేను పండితుడను కాను. నలుబది ఏండ్లకు పైగా గల్లాపెట్టె ముందు కూర్చున్నవాడను. నేను చెప్పదలచినదానిలో సగము నేను చేసిన తప్పు నుండి నేర్చినదే.

మా తమ్ముడు కాలము చేసి తొమ్మిదేండ్లయినది. అతని పెద్ద కుమారుడు తండ్రి విడిచిపోయిన పాత్రల అంగడి నడుపుచున్నాడు. చిన్నవానికి ఇరవై ఏడేండ్లు. ఇక్కడనే చెన్నపట్నములో కంప్యూటరు కంపెనీలో ఉద్యోగము, నెలకు డెబ్బదివేలు జీతము. కిందటి దీపావళి వెళ్లిన తరువాత ఒక ఆదివారమునాడు వాడు నా వద్దకు వచ్చి, “పెదనాన్నా, ఒక ఫ్లాటు చూచినాను. ఇదివరకు ఒకరు కాపురమున్నదే. ఏబది లక్షలు. కొని అద్దెకు ఇస్తాను. అయిదేండ్లలో ఎంత పెరుగుతుందో మీరే చూడండి” అని ఒక కాగితము చూపినాడు. కాగితము చక్కగా వ్రాసినాడు. ఏడాదికి పది శాతము చొప్పున ధర పెరుగునట్లు లెక్క వేసినాడు. ఒక్క దోషము మాత్రము కనిపించినది. ఆ కాగితము మీద పెరుగుటయే ఉన్నది గాని తగ్గుట లేదు, ఆగుట లేదు.

“కూర్చో నాయనా, మన చిట్టా వ్రాసే పద్ధతిలో ఒకసారి వ్రాద్దాము” అన్నాను. ఇద్దరమూ కూర్చుండి వ్రాసినాము. ఆ లెక్కను ఇక్కడ ఇచ్చుచున్నాను. మొదటిసారి స్థలమో ఇల్లో కొనబోవు మన పిల్లలకు అది ఉపయోగపడవచ్చును.

ధర 50 లక్షలు. ముప్పది లక్షలకు పైబడి డెబ్బది అయిదు లక్షల లోపు ఇంటి అప్పులకు రిజర్వు బ్యాంకు నియమము ప్రకారము బ్యాంకులు ఇంటి విలువలో 80 శాతమునకు మించి ఇయ్యరాదు. కాబట్టి అప్పు 40 లక్షలు, చేతి డబ్బు 10 లక్షలు. ఇటువంటి అమ్మకమునకు తమిళనాడులో స్టాంపు సుంకము 7 శాతము, రిజిస్ట్రేషను రుసుము 2 శాతము. అనగా మరి 4 లక్షల 50 వేలు. దీనిని బ్యాంకు లెక్కలోనికి తీసుకొనదు, చేతినుండే పెట్టవలెను. మొత్తము చేతి డబ్బు 14 లక్షల 50 వేలు. ఈ దినము కొని రేపు అదే ధరకు అమ్మినను ఆ నాలుగున్నర లక్షలు తిరిగి రావు. గడప దాటకముందే తగిలిన నష్టము అది.

ఇక నెలల లెక్క. 40 లక్షలకు 8.5 శాతము వడ్డీతో ఇరవై ఏండ్ల గడువునకు నెలసరి వాయిదా సుమారు 34,700 రూపాయలు. ఆ ఫ్లాటుకు రాదగిన అద్దె 12,500. ఏడాదికి లక్షన్నర, అనగా పెట్టిన ధరలో 3 శాతము. వాయిదాకు అద్దెకు నడుమ నెలకు 22 వేల తేడా. అద్దెకున్నవారు ఖాళీ చేసి మరొకరు వచ్చువరకు ఆ 12,500 కూడ రావు. సున్నము వేయించుట, ఇంటి పన్ను, అపార్టుమెంటు నెలసరి చందా, ఇవన్నీ వేరు. ఇరవై ఏండ్లకు బ్యాంకునకు కట్టు మొత్తము 83 లక్షలు దాటుతుంది.

వడ్డీ అట్లే ఉండునా? ఉండదు. 2022 మేలో 4 శాతముగా ఉన్న రిజర్వు బ్యాంకు రెపో రేటు 2023 ఫిబ్రవరి నాటికి 6.5 శాతమైనది. తొమ్మిది నెలలలో రెండున్నర శాతము. 7 శాతము వడ్డీకి 40 లక్షలు తీసుకొన్నవాని వాయిదా 31 వేలు. అదే వడ్డీ 9.5 అయినప్పుడు 37 వేలు దాటుతుంది. కొందరికి వాయిదా పెంచక గడువు పెంచినారు. వారు అప్పు తీరుననుకొన్న వయస్సు వెనుకకు జరిగిపోయినది. 2025లో రేటు మరల తగ్గినమాట నిజమే. పెరిగినది తగ్గునట్లే తగ్గినది పెరుగును. ఇరవై ఏండ్ల అప్పులో రెండును చూడవలసి వచ్చును.

చివరకు ధర. “పడుతుందా పెదనాన్నా, భూమి ధర?” అని నవ్వినాడు. పడుతుంది. జపానులో 1991 తరువాత నగరముల భూముల ధరలు ఏండ్ల తరబడి పడుతూనే వచ్చినవి. అమెరికాలో ఇండ్ల ధరలు పడి 2008లో పేరుమోసిన బ్యాంకులే కూలినవి. అంత దూరము పోనక్కరలేదు. ఏడాది తరువాత ఈ ఫ్లాటు ధర పది శాతము మాత్రమే తగ్గి 45 లక్షలైనదనుకొందము. బ్యాంకునకు బాకీ ఇంకను 39 లక్షల పైచిలుకు ఉండును. అమ్మి బాకీ తీర్చగా చేతికి 6 లక్షల లోపే మిగులును. పెట్టినది పద్నాలుగున్నర. ధరలో పది శాతము తగ్గుట చేతి డబ్బులో సగమునకు పైగా మ్రింగివేసినది. అప్పు తెచ్చి కొన్నప్పుడు లాభము త్వరగా పెరుగునన్నది నిజమే. నష్టమునకును అదే తూకము.

ఇంతవరకు ఉన్నది అంకెల లెక్క. దీనిని ఏ ఆడిటరైనను చెప్పగలడు. నేను కాగితము త్రిప్పి, “ఈ పద్నాలుగున్నర లక్షలు ఎవరివి?” అని అడిగినాను.

వాడు కొంచెము తడబడినాడు. “నావి అయిదు లక్షలు. అమ్మ ఫిక్సెడ్ డిపాజిట్టు నాలుగు. అంగడి చలామణిలో నుండి అన్నయ్య మూడు ఇస్తానన్నాడు. మిగిలిన రెండున్నర పర్సనల్ లోను.”

“అంగడి చలామణిలోని మూడు లక్షలు అన్నయ్యవా?”

“సరుకు ఇచ్చినవారికి మూడు నెలలలో కట్టవలసినది. అంతలోపల సర్దవచ్చు.”

“అమ్మకు చెప్పినావా?”

“అమ్మ నా మాట కాదనదు పెదనాన్నా.”

“కాదనదు, సరే. ఆమెకు తెలుసునా?”

వాడు మాటాడలేదు. నేనును మాటాడలేకపోయినాను. ఎందుచేతననగా, ముప్పది ఏండ్ల క్రిందట ఆ ప్రశ్న నన్ను ఎవరైనను అడిగి ఉంటే నా జవాబును అదే.

1994లో నాకును స్థలముల పిచ్చి పట్టినది. నగరమునకు దక్షిణమున కొత్తగా వేసిన ఒక లే-అవుట్‌లో రెండు గ్రౌండ్లు, అనగా 4,800 చదరపు అడుగులు, లక్షా ఎనుబదివేలకు ఇస్తామన్నారు. రంగుల పటము చూపినారు. అందులో బడి ఉన్నది, ఉద్యానవనము ఉన్నది, నలుబది అడుగుల రోడ్డు ఉన్నది. నా వద్ద ఎనుబదివేలు ఉన్నవి. మిగిలిన లక్షకు దారి వెదకనక్కరలేకపోయినది. మా అక్కయ్య లక్ష రూపాయలు మా అంగడిలోనే ఉన్నవి. బావగారు పోయిన తరువాత వచ్చిన ప్రావిడెంటు ఫండు డబ్బు అది. నూటికి రూపాయి వడ్డీకి నా చేతికి ఇచ్చి, “అమ్మాయి పెండ్లికి కావలెనురా తమ్ముడూ” అన్నది. కాగితము వ్రాయలేదు. తోబుట్టువుల నడుమ కాగితమేమిటని ఆమె అనుకొన్నది, నేనును అనుకొన్నాను. రెండేండ్లలో స్థలము రెట్టింపగును, అక్కయ్య లక్ష లక్షగా ఉండును, పై లాభము నాది. ఇట్లు లెక్క వేసి ఆమెతో ఒక్క మాటయైనను చెప్పక ఆ డబ్బు తీసి ఇచ్చినాను.

ఏడాది తిరుగకముందే తెలిసినది. నాకు అమ్మినవాడు స్వంతదారు కాడు, పవరు దస్తావేజు పట్టుకొని అమ్మినవాడు. స్వంతదారు అదే భూమిని 1986లోనే మరొకరికి రిజిస్టరు చేసి ఇచ్చి ఉన్నాడు. నేను ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తీసినాను సుమా. రుసుము ఆదా చేయుటకు అయిదేండ్లకు మాత్రమే తీసినాను. ఆ సర్టిఫికెట్టు అడిగిన ఏండ్లనే చూపును గాని అడుగని ఏండ్లను చూపదు. 1986 నాటి అమ్మకము దానిలో లేదు. దావా వేసినాము. అది 2006 వరకు నడచి రాజీలో ముగిసినది. చేతికి వచ్చినది అరువది అయిదు వేలు.

అక్కయ్యకు ఏమియు తెలియదు. నెలనెలా మొదటి తేదీన వేయి రూపాయలు వడ్డీ తీసుకొనిపోయి ఇచ్చుచుంటిని. వడ్డీ తప్పలేదు గనుక అసలు క్షేమముగా ఉన్నదని ఆమె నమ్మినది. 1997లో నాకు కామెర్లు ముదిరి ఇరవై రెండు దినములు ఆసుపత్రిలో ఉన్నాను. 1999లో మేనకోడలి పెండ్లి కుదిరినది, ఆమె అసలు అడిగినది. నా భార్య గాజులు నాలుగు అమ్మి, మిగిలినదానికి చేబదులు తెచ్చి, లక్ష రూపాయలు ఆమె చేతిలో పెట్టినాను. పెండ్లి బాగుగా జరిగినది.

ఇప్పుడు పాఠకులను ఒక ప్రశ్న అడుగుచున్నాను. మా అక్కయ్యకు ఒక్క రూపాయియైనను నష్టము రాలేదు. అసలు ముట్టినది, వడ్డీ ముట్టినది, చెప్పిన వేళకు ముట్టినది. పోయినది నా డబ్బు, నా భార్య గాజులు. అట్లయినచో నేను ఆమెకు చేసిన తప్పు ఉన్నదా, లేదా?

చాలా కాలము లేదనియే నేను సమాధానము చెప్పుకొన్నాను. “నష్టము నేను పడినాను గదా, ఇంకేమి?” అనుకొన్నాను. కాని ఆసుపత్రిలోని ఇరవై రెండు దినములు గుర్తుకు వచ్చినప్పుడెల్ల ఆ సమాధానము నిలువలేదు. ఆ దినములలో నేను పోయి ఉంటే ఏమగును? అక్కయ్య పేర కాగితము లేదు. మా ఆవర్జాలో పద్దు ఉన్నది గాని పెట్టెలో రొక్కము లేదు. ఉన్నది దావాలో చిక్కిన బంజరు. నా పిల్లలు చిన్నవారు. పెండ్లికెదిగిన కూతురితో ఆమె ఎవరిని అడుగును? అయిదేండ్లు ఆమె ప్రతిరాత్రి తెగబోవు త్రాడు క్రింద నిదురించినది. త్రాడు తెగలేదు. తెగకపోవుట నా అదృష్టము. ఆమెను దాని క్రింద పరుండబెట్టినది మాత్రము నేను.

ఇచ్చట మన భాషలోని ఒక మాట నాకు మిక్కిలి సహాయము చేసినది. తెలుగులో ప్రమాదమనగా అపాయము. బస్సు బోల్తాపడితే ప్రమాదమంటాము. మన శాస్త్రములలో ప్రమాదమనగా అజాగ్రత్త, ఏమరుపాటు. హింసను నిర్ణయించునప్పుడు మన ఆచార్యులు చచ్చిన ప్రాణులను మాత్రమే లెక్కించలేదు. నడచినవాడు ఎట్లు నడచినాడని చూచినారు. చూడక నడచినవాని కాలి క్రింద చీమ పడకపోయినను వాడు నిర్దోషి కాడు. నేల చూచి నడచినవాని కాలి క్రింద తెలియక ఒకటి పడినను వానిని హంతకుడనరాదు. నేను అక్కయ్య డబ్బు మీద చూడక నడచినాను. చీమ చావలేదు, అంతే. ఒకే మాటకు రెండర్థములు ఉండుట వట్టి కాకతాళీయము కాదేమో. అపాయము బయట ఉన్నట్లు కనబడుతుంది గాని, చాలసార్లు దాని మొదలు మన ఏమరుపాటులోనే ఉన్నది.

ఇక దీనికి ఎదురుగా చెప్పదగిన మాటలు లేకపోలేదు. “ఇంత భయపడితే వ్యాపారమెట్లు? మన పెద్దలు స్థలములు కొనియే గదా బాగుపడినారు!” అని అందురు. నిజమే. సాహసము లేక వర్తకము లేదు. గోనె విప్పక ధర చెప్పించుకొనలేము. డబ్బు బీరువాలో దాచుకొన్నవానిని కూడ నష్టము విడువదు. ధరలు పెరిగినకొలది ఆ డబ్బు కూర్చున్నచోటనే కరుగును. కాబట్టి సాహసము పాపమని నేను చెప్పుట లేదు. చూచి నడచినవానికి దోషము లేదన్నప్పుడు నడువవద్దని అర్థము కాదు గదా.

కాని పెద్దల మాట తెచ్చునప్పుడు రెండు సంగతులు మరువరాదు. ఒకటి, మనము బాగుపడినవారినే చూచుచున్నాము. వారి ఇండ్లు వీధిలో నిలిచి కనబడుచున్నవి. పోగొట్టుకొన్నవారి దస్తావేజులు ట్రంకు పెట్టెల అడుగున ఉన్నవి, అవి ఎవరికిని కనబడవు. నాదియు అట్టిదే. రెండు, వారిలో చాలమంది అప్పు లేక తమ మిగులు డబ్బుతో కొని, నలుబది ఏండ్లు అమ్మక ఉంచినవారు. నెలసరి వాయిదా వారి తలుపు తట్టలేదు. ధర పడిన సంవత్సరము వారికి పడినట్లు కూడ తెలియదు.

అందుచేత మొదటిసారి కొనబోవువారు మూడు పరీక్షలు చేసికొనవలెనని నా మనవి.

మొదటిది, చూచితినా? ముప్పది ఏండ్లకు ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తీయించి, మూలపు దస్తావేజులు వకీలుకు చూపవలెను. పట్టా ఎవరి పేర ఉన్నదో, లే-అవుట్‌కు అనుమతి ఉన్నదో లేదో చూడవలెను. 2016 సెప్టెంబరులో అనుమతి లేని లే-అవుట్లలోని స్థలముల రిజిస్ట్రేషనును మదరాసు హైకోర్టు ఆపినప్పుడు, స్థలము చేతిలో ఉండియు అమ్ముకొనలేక ఎందరో చిక్కుపడినారు. 2017లో క్రమబద్ధము చేయు నిబంధనలు వచ్చిన తరువాత రుసుములు కట్టి కొందరు బయటపడినారు. స్థలమును వేసవిలోనే గాక వానకాలములోను చూడవలెను. చెరువు నేలలలో కట్టిన ఇండ్ల సంగతి 2015 డిసెంబరు వరదలు ఈ నగరమునకు చెప్పినవి. కడుచున్న ఫ్లాటు అయితే 2016 నాటి రియల్ ఎస్టేటు చట్టము క్రింద నమోదైనదా అని చూడవలెను. ఆ చట్టము ప్రకారము కొనువారి నుండి వసూలైన డబ్బులో 70 శాతము ఆ నిర్మాణమునకే ప్రత్యేక ఖాతాలో ఉంచవలెను. అయితే చట్టము కట్టువానిని అదుపులో ఉంచగలదు గాని, అద్దెకు మనిషిని తేలేదు, ధరను నిలుపలేదు.

ఈ సందర్భములోనే ఒక కటువైన మాట. “దస్తావేజులో కొంత, చేతిలో కొంత” అను అలవాటు మనలో పోలేదు. 2015 జూన్ 1 నుండి స్థిరాస్తి అమ్మకములో ఇరవైవేలు, అంతకు మించిన రొక్కము పుచ్చుకొనుట చట్టవిరుద్ధము. పుచ్చుకొన్నంత మొత్తమును జరిమానాగా పడవచ్చును. దస్తావేజులో లేని డబ్బు బేరము చెడితే అడుగుటకు వీలుకాని డబ్బు. ఇది లోక దృష్టి. వ్రత దృష్టిలో చూచినను, రాజ్యశాసనమును దాటుటను మన శాస్త్రకారులు అచౌర్య వ్రతపు అతిచారములలోనే చేర్చినారు. దొంగ దస్తావేజు వ్రాయుటను, నమ్మి దాచుకొన్నదానిని కాజేయుటను సత్యవ్రతపు అతిచారములలో చేర్చినారు. ఈ మూడింటిని చదివినప్పుడు, రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో నిలబడి వ్రాసినారా అనిపించును.

రెండవది, మోయగలనా? ధర అయిదేండ్లు కదలకపోయినా, వడ్డీ రెండు శాతము పెరిగినా, ఆరు నెలలు అద్దె రాకపోయినా, ఉద్యోగము పోయినా ఇంటిలో పొయ్యి వెలుగునా? ఈ నాలుగును ఒకటి తరువాత ఒకటి వచ్చునని ఎవరును మాట ఇయ్యలేదు. కలిసియే రావచ్చును.

మూడవది, ఒప్పుకొన్నారా? ఇది అన్నింటికంటె కష్టమైనది. పోతే ఎవరిది పోవునో వారు సంగతి అంతయు విని, వద్దనుటకు వీలుండియు, సరే అన్నారా? “కాదనరు” అన్నది ఒప్పుకొనుట కాదు. తల్లి కాదనదు. భార్య కాదనదు. అప్పు మీద సరుకు ఇచ్చిన వర్తకునికి అడుగు అవకాశమే లేదు. వారి మౌనమును మనము సంతకముగా వాడుకొనుచున్నాము. లాభము వస్తే మనది, నష్టము వస్తే అందరిది అను ఏర్పాటును పైవారు చేస్తే మోసమందుము. ఇంటిలో చేస్తే ఉమ్మడి కుటుంబమందుము.

పరిగ్రహ పరిమాణ వ్రతము ఈ విషయమునకు ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి. ఆ వ్రతము చెడు విధములను తత్త్వార్థసూత్రములో ఉమాస్వాతి లెక్కించినప్పుడు మొట్టమొదట చెప్పినది బంగారమును కాదు, ధాన్యమును కాదు. క్షేత్రము, వాస్తువు, అనగా పొలము, ఇల్లు. మనిషి హద్దు దాటుట నేల మీదనే మొదలగునని వారికి తెలియును కాబోలు.

ఉపాసకదశాంగములోని ఆనంద శ్రావకుని కథ మన పిల్లలు పాఠశాలలో వినియే ఉందురు. వాణిజ్యగ్రామములో అతడు మహా సంపన్నుడు. అతని పన్నెండు కోట్ల హిరణ్యములో నాలుగు కోట్లు నిధిగా భద్రపరచినవి, నాలుగు కోట్లు వడ్డీ వ్యవహారములో ఉన్నవి, నాలుగు కోట్లు ఇల్లు వాకిలి సామగ్రి రూపములో ఉన్నవి. భగవాన్ మహావీరుని ఎదుట వ్రతము పుచ్చుకొన్నప్పుడు, ఇక ఇంతకు మించి వద్దని ఒక్కొక్కదానికి హద్దు చెప్పినాడు. భూమికి అయిదువందల నాగళ్లని చెప్పినాడు. దీనిని పెట్టుబడి సూత్రముగా నేను చెప్పుట లేదు. మనకు కోట్లును లేవు, అంత వైరాగ్యమును లేదు. కాని రెండు సంగతులు నేర్చుకొనవచ్చును. నిధి వేరు, వ్యవహారము వేరు. నిధిలోనిది తీసి వ్యవహారములో వేయువాడు రెండింటిని పోగొట్టుకొనును. మరియు హద్దును కొనకముందే చెప్పవలెను. కొన్న తరువాత చెప్పు హద్దు హద్దు కాదు, సాకు. “మరొక్కటి, మరొక్కటి” అని అది ప్రతి సంవత్సరము జరుగుచుండును.

మా తమ్ముని కుమారుని సంగతి చెప్పి ముగించెదను. నేను కొనవద్దని చెప్పలేదు. ఆ కాగితమును ఇంటికి తీసుకొనిపోయి, పెరుగుట తగ్గుట రెండును అమ్మకు చదివి వినిపించి రమ్మన్నాను. మరుసటి వారము వచ్చినాడు. మా మరదలు అంతయు విని, కొంతసేపు ఆలోచించి, “రెండు లక్షలు తీసుకో. అది పోయినా నిన్ను అడగను. తక్కిన రెండు నా మందులకు, నా చేతి ఖర్చుకు. వాటిని ముట్టుకోవద్దు” అన్నదట. చదువుకొన్నది అయిదవ తరగతి. పరిమాణ వ్రతమును అంతకంటె చక్కగా ఎవరు చెప్పగలరు? అడిగితే ఆమెకు హద్దు తెలియును. ఇన్నాళ్లు ఎవరును అడుగలేదు.

అంగడి డబ్బు మాట వాడే విడిచినాడు. పర్సనల్ లోను వద్దన్నాడు. చేతిలో ఏడు లక్షలు ఉన్నవి. ఏబది లక్షల ఫ్లాటుకు అవి చాలవు. నేను ఒక్క ఉపాయము చెప్పినాను. “ఫ్లాటు కొన్నట్లే అనుకో. నెలకు చేతినుండి పడు ఆ ఇరువది రెండువేలు ప్రతి నెల వేరే ఖాతాలో వేయి. ఒక సంవత్సరము తప్పక వేయగలిగితే నీవు మోయగలవని తెలియును. వేయలేకపోతే డబ్బు ఎక్కడికిని పోదు, నీదే.” ఏడు నెలలైనది. రెండు నెలలు వేయలేకపోయినానని మొన్న తానే వచ్చి చెప్పినాడు. ఒక నెల స్నేహితుని పెండ్లి, ఒక నెల బండి మరమ్మతు. బ్యాంకు అయితే ఆ రెండు నెలలు వినిపించుకొనునా అని నేను అడుగనక్కరలేకపోయినది.

అక్కయ్యకు నేను చెప్పినది 2006లో, దావా ముగిసిన సంవత్సరము. అంతకుముందు పన్నెండేండ్లు ప్రతి సంవత్సరి నాడు ఆమె ఇంటికి పోయి, చేతులు జోడించి, మిచ్ఛామి దుక్కడం అన్నాను. దేనికని చెప్పలేదు. తప్పు పేరు చెప్పని క్షమాపణ నోటికి తేలికగా వచ్చును. ఆ సంవత్సరము మాత్రము కూర్చుండి, స్థలము, పవరు దస్తావేజు, కామెర్లు, గాజులు అన్నియు చెప్పినాను. ఆమె చాలసేపు మాటాడలేదు. తరువాత, “డబ్బు పోయినా నేను నిన్ను ఏమీ అనేదాన్ని కాదురా. నా డబ్బు సంగతి నాకు చెప్పతగనంత పసిదాననా నేను?” అన్నది.

డబ్బు నష్టమునకు గాజులు అమ్మి బదులు తీర్చినాను. ఆ మాటకు బదులు తీర్చుటకు మా ఆవర్జాలో పద్దు లేదు. మన పిల్లలు స్థలములు కొనవలెను, ఇండ్లు కట్టవలెను, వృద్ధిలోనికి రావలెను. కొనకముందు ఒక్క రాత్రి ఆగి, పోతే ఎవరిది పోతుందో ఒక కాగితము మీద పేర్లతో వ్రాసి, ఆ పేర్లవారికి ఆ కాగితము చదివి వినిపించవలెనని మాత్రమే నా ప్రార్థన.